ఎరేసి తెచ్చిన దిండు

ఫిజియోథెరపీ చేయించడానికి వచ్చే నకన్వాగి మీద తియోపిస్టాకు కోపం రావడానికి మొదటి కారణం ఆ పిల్ల మర్యాద. గుమ్మంలోకి వస్తూనే చెప్పులు విడిచేది. చాప మీద రెండు మోకాళ్లూ ఆనించి, తల వంచి, రాత్రి ఎలా గడిచిందమ్మా, ఇంట్లో అందరూ కులాసాయేనా, తోటలో అరటి బాగుందా అని, పెద్దవాళ్లను ఎలా పలకరించాలో అలా ఒక్క ముక్క తగ్గకుండా పలకరించేది. ఆ తర్వాత అదే మనిషి లేచి, కోసి కుట్టిన మోకాలిని పట్టుకుని తడి దుప్పటి పిండినట్టు వంచేది. హింసించేవాళ్లు ముందు దండం పెట్టకుండా ఉంటే కాస్త సులువుగా తిట్టుకోవచ్చని ఆవిడ అభిప్రాయం.

రెండో కారణం ఇంకా చిన్నది, అందుకని పైకి చెప్పలేదు. ఆ పిల్ల అలా మోకాళ్ల మీద కూర్చుని, మళ్లీ చేత్తో దేన్నీ పట్టుకోకుండా లేచిపోయేది. దాహమేస్తే నీళ్లు తాగినంత తేలిగ్గా.

తియోపిస్టాకు అరవై నాలుగేళ్లు. అందులో ముప్పై నాలుగేళ్లు మసాకా బజారు వెనక సందులో కుట్టుమిషను తొక్కింది. ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఆడవాళ్లు తొడుక్కుంటే బుజాలు నిక్కించుకుని తిరిగే పొడుగు గౌన్లు, గోమెసీలు, సగం ఆవిడ కుట్టినవే. తొక్కీ తొక్కీ కుడి మోకాలు అరిగిపోతే, కంపాలా తీసుకెళ్లి అరిగింది తీసేసి, ఇనుమూ ప్లాస్టిక్కూ కలిసిన కొత్త కీలు పెట్టించారు. డబ్బు సంగతి తమ్ముడు సెబుంజా చూసుకున్నాడు. ఆ మాట రోజుకోసారి అనేవాడు కాదు గానీ, అనకుండా ఉన్న రోజులు అందరికీ తెలిసేవి.

ఆపరేషనుకు అంత తొందరపడటానికి కారణం ఒకటే. పద్నాలుగు వారాల్లో సెబుంజా కూతురు ప్రోస్కోవియాకు క్వంజులా. పెళ్లికొడుకు వాళ్లు బంధుబలగంతో పిల్ల ఇంటికి వచ్చి, మేము ఫలానా అని చెప్పుకుని పిల్లనడిగే వేడుక. ఆ రోజు సెబుంజా పందిట్లో కూర్చుంటాడు, అంతే. నడిపించేది సెంగా. పిల్లకు మేనత్తలు ఎంతమందైనా ఉండొచ్చు, సెంగా మాత్రం ఒక్కరే. ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని బయటికి వచ్చేది, అతిథుల ముందు మోకరిల్లి పలకరించేది, వచ్చిన అంతమంది మగవాళ్లలో పెళ్లికొడుకును వెతికి పట్టుకుని కోటుకు పువ్వు గుచ్చేది ఆవిడే. ప్రోస్కోవియా తల్లి పోయినప్పుడు పిల్లకు నాలుగేళ్లు. పెంచింది తియోపిస్టా. ఆ పువ్వు గుచ్చే చెయ్యి ఇంకొకరిది అన్న ఊహ కూడా ఆవిడకు ఎన్నడూ రాలేదు.

ఇంటికి వచ్చిన రోజే నకన్వాగి ఒక కాగితం రాసి గోడకు అంటించింది. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి మోకాలిని మంచానికేసి నొక్కాలి. కాలికి మేజోడు వేసుకుని గచ్చు మీద మడమను జార్చుకుంటూ వెనక్కి లాగాలి. రోజుకు మూడుసార్లు. చేతికర్ర ఎడమ చేతిలో.

"నొప్పి కుడికాలికి కదే, ఎడమ చేతిలో ఎందుకు?" అంది తియోపిస్టా.

"కర్ర నొప్పిని పట్టుకోడానికి కాదమ్మా, మిమ్మల్ని పట్టుకోడానికి."

కాగితం బాగానే ఉంది గానీ, అది రాసిన పిల్ల ఒక సంగతి లెక్కలోకి తీసుకోలేదు. చుట్టాలు. మసాకాలో జబ్బుమనిషిని ఒంటరిగా వదిలేస్తే ఆ వీధికే తలవంపులు. పొద్దున ఏడింటికి మొదలయ్యేవారు. అరటిగెల ఒకరు, అనాసపళ్లు ఒకరు, కోడిగుడ్లు ఒకరు. వచ్చినవాళ్లు చాప మీద కూర్చుంటే వాళ్ల ఎదురుగా కదలకుండా కూర్చోవడం రోగి ధర్మం. వాళ్లు తమ పిన్నమ్మ మోకాలి కథ చెబుతుంటే మధ్యలో కాలు చాపి ఊపడమంటే, ఇక బయల్దేరండి అన్నట్టు. మూడు పూటల్లో రెండు పూటలు అలా టీలోకి పోయేవి. మూడో పూట ఆవిడ అలిసిపోయేది.

ఆ వచ్చినవాళ్లలో ఎరేసి ఒకతి. చిన్నాన్న కూతురు, తనకంటే ఆరేళ్లు చిన్న. అరటిగెల కాదు, దిండు తెచ్చింది. గట్టిగా దూది కూరి, పైన పసుప్పచ్చ పువ్వులు కుట్టిన గుండ్రటి దిండు. తనే మోకాలి కింద సర్ది, కాస్త వంగి ఉంటే హాయిగా ఉంటుందక్కా అంది. నిజంగానే ఎంత హాయిగా ఉందంటే, తియోపిస్టా ఆ మూడు వారాల్లో ప్రశాంతంగా పడుకున్న గంటలన్నీ ఆ దిండు పుణ్యమే. నకన్వాగి వచ్చే రోజున ప్రోస్కోవియా పక్క నీటుగా ఉండాలని దిండు తీసి బీరువాలో పెట్టేసేది. ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. ఇల్లు సర్దారు, అంతే.

నాలుగో వారంలో ఒకరోజు నకన్వాగి ఉండగానే ఎరేసి వచ్చింది. వస్తూనే బీరువా తెరిచి దిండు తీసి, మనదే కదా అన్నట్టు మోకాలి కింద పెట్టింది.

నకన్వాగి దిండు వంక చూసింది. "ఇది ఎన్నాళ్ల నుంచి పెడుతున్నారు?"

"మొదట్నించీ," అంది ఎరేసి గర్వంగా.

ఆ పిల్ల కోపం చూడటం తియోపిస్టాకు అదే మొదలు. గొంతు పెంచలేదు. దిండు తీసి అవతల కుర్చీలో పెట్టింది. "ఈ నెల రోజులూ మోకాలు ఎలా ఉంచితే అలా గట్టిపడుతుందమ్మా. మీరు దాన్ని కొడవలిలా వంచి ఆరబెట్టారు." తర్వాత కోణాలు కొలిచే ప్లాస్టిక్ బద్ద తీసి కొలిచింది. కాలు తిన్నగా చాచుకోవడం లేదు, వంచితే అరవై ఎనిమిది డిగ్రీల దగ్గర ఆగిపోయింది. కుర్చీలోంచి లేవాలన్నా తొంభై కావాలి.

కంపాలా డాక్టరు కూడా కొలిచి అదే అన్నాడు. రెండు వారాలు చూస్తాను, అప్పటికీ వంగకపోతే మత్తిచ్చి నేనే వంచుతాను అన్నాడు, బిగిసిన సీసా మూత గురించి మాట్లాడినట్టు.

తిరుగు ప్రయాణమంతా తియోపిస్టా కారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఎరేసి గురించే ఆలోచించింది. తను సెంగాగా పనికిరాకపోతే తర్వాతి వరస ఎరేసిది. ఎరేసికి ఆ సంగతి తెలుసు. ఎరేసి దిండు తెచ్చింది. దర్జీగా బతికిన మనిషికి రెండు ముక్కలు కనబడితే కలిపి కుట్టకుండా చెయ్యి ఊరుకోదు. మసాకా వచ్చేసరికి కుట్టు పూర్తయింది, అంచు కూడా మడిచేసింది.

ఆ కోపం బాగా పనికొచ్చింది. మర్నాటి నుంచి మంచానికేసి మోకాలిని నొక్కేటప్పుడు దాని కింద ఎరేసి మెడ ఉందనుకునేది. నకన్వాగి అయిదు లెక్కపెట్టమంటే ఎనిమిది దాకా వదిలేది కాదు.

"ఇవాళ ఎవరినమ్మా నొక్కుతున్నారు?" అని అడిగింది ఆ పిల్ల.

"నీకు తెలిసిన మనిషే."

"నేనైతే కాదు కదా?"

"నీ వంతు మడమ జార్చేటప్పుడు వస్తుంది."

చుట్టాల సంగతి కూడా తేల్చేసింది. కూర్చోండి, టీ తాగండి, నేను మాత్రం నా పని చేసుకుంటాను, ఊరికే చూడకుండా లెక్కపెట్టండి అని చెప్పింది. మొదట ముఖాలు ముడుచుకున్నారు. ఒక ముసలాయన పెద్దవాళ్ల ముందు కాళ్లాడించడమేమిటని సగం టీ వదిలేసి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు లెక్కపెట్టారు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, ఆవిడ ఆ కళ్లతోనే వాళ్లకు చక్కెర సరిపోయిందా అని అడిగేది. ఆరో వారంలో బద్ద తొంభై నాలుగు చూపించింది. నకన్వాగి నవ్వింది. తియోపిస్టా నవ్వలేదు. నవ్వితే కోపం చల్లారిపోతుందేమోనని భయం.

ఏడో వారంలో సెబుంజా వచ్చాడు. అరటిగెల, వేరుశెనగ ముద్ద, కొత్త చేతికర్ర తెచ్చాడు. కర్ర చూడగానే ఆవిడకు అర్థమైంది. అది నునుపు చేసిన నల్ల చేవకర్ర, జీవితాంతం ఉండేలాంటిది.

చాలాసేపు వర్షాల గురించి మాట్లాడాడు. తర్వాత, పెళ్లికొడుకు వాళ్లది పెద్ద కుటుంబం అన్నాడు. వాళ్లలో ఇద్దరు ముసలివాళ్లు రాజుగారి కొలువులో చేసినవాళ్లు అన్నాడు. అలాంటివాళ్లు కూర్చుని ఉంటే మన ఇంటి సెంగా నిలబడి పలకరిస్తే వాళ్లేమనుకుంటారు అన్నాడు.

"నేను నిలబడి పలకరిస్తానని నీకెవరు చెప్పారు?"

"మరి మోకరిల్లగలవా అక్కా?"

ఆవిడ కుడికాలి వంక చూసుకుంది.

"అందుకే ఎరేసిని ఉండమన్నాను. నిన్ను కుర్చీలో కూర్చోబెడతాం. మెత్తటి కుర్చీ. నీడలో."

"ఎరేసి ఒప్పుకుందా?"

"మొదట వద్దంది. నేనే బలవంతపెట్టాను."

వద్దన్నదట. అది కూడా బాగానే నటించిందనుకుంది తియోపిస్టా. తమ్ముడికి భోజనం పెట్టించి, చేతికర్రను గొడుగుల పక్కన మూలకు నిలబెట్టింది. ఆ రాత్రి ప్రోస్కోవియా ఏడుస్తూ, నువ్వు లేకపోతే నేను బయటికే రానత్తా అంది. నీ ఏడుపు నాకెందుకే, వెళ్లి మేజోడు పట్రా అంది ఆవిడ.

నకన్వాగి రాగానే, పలకరింపులు పూర్తికాకుండానే అడిగేసింది. "ఈ మోకాలి మీద ఎప్పుడు మోకరిల్లొచ్చు?"

"డాక్టరు సరేననేదాకా వద్దమ్మా. లోపలిది విరిగిపోతుందని కాదు. కోసిన చోట చర్మం అంత బరువు ఇప్పుడే ఆపుకోలేదు. ఇంకో మూడు నాలుగు నెలలు అనుకోండి."

"నాకు ఏడు వారాలే ఉన్నాయి."

"తెలుసు. ప్రోస్కోవియా చెప్పింది."

"తెలిసి మరి ఇన్నాళ్లూ నన్నెందుకు హింసించావే? కుర్చీలో కూర్చోడానికా?"

అంతకంటే పెద్ద మాటలే అంది. మసాకాలో ఆడవాళ్లు బజారులో అనేవి, ఇంట్లో అననివి. ఆ పిల్ల తల వంచుకుని అన్నీ విన్నది. ఆవిడకు ఊపిరి తిరిగాక నెమ్మదిగా, "ఎడమ మోకాలు ఎలా ఉందమ్మా?" అని అడిగింది.

"దానికేం, బాగానే ఉంది."

"దాని మీద డాక్టర్లెవరికీ అధికారం లేదు కదా."

లేచి చేసి చూపించింది. కుడి పాదం ముందు పెట్టి, ఎడమ మోకాలిని నేలకు ఆనించి కూర్చుంది. కోసిన మోకాలు పైనే ఉంటుంది, నేలకు తగలదు. "కూర్చోవడం తేలికే. లేచేటప్పుడు మాత్రం బరువంతా ముందున్న కాలి మీద పడుతుంది, అంటే కోసిన కాలి మీద. అదే మిమ్మల్ని లేపాలి. అందుకు ఇప్పుడున్న బలం చాలదు."

కుట్టుమిషను బల్ల పట్టుకుని మొదలుపెట్టారు. మొదటి రోజు సగం దాకా దిగి, అక్కడే ఇరుక్కుపోతే ఇద్దరు కలిసి లేపాల్సి వచ్చింది. మెట్టు మీద కుడికాలు పెట్టి ఎక్కడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, రోజూ వంద. పదో వారంలో బల్లను రెండు చేతులతో పట్టుకుని లేచింది. పన్నెండో వారంలో ఒక చేత్తో లేచింది. వట్టి చేతులతో మాత్రం ప్రతిసారీ ఒక జానెడు పైకి వచ్చి కూలబడేది. కూలబడ్డప్పుడల్లా ఎరేసిని తిట్టేది. పాపం తిట్లు కూడా అరిగిపోయాయి.

వేడుకకు అయిదు రోజుల ముందు ఆడవాళ్లంతా సెబుంజా వాకిట్లో చేరి ఒకసారి అంతా నడిపి చూసుకున్నారు. తియోపిస్టాను మెత్తటి కుర్చీలో, నీడలో కూర్చోబెట్టారు. ఎరేసి ఆడపిల్లల్ని వెంటేసుకుని ఇంట్లోంచి వచ్చి, చాప మీద మోకరిల్లి, లేని అతిథుల్ని పలకరించింది. గొంతు బాగుంది. ఆ మాట ఒప్పుకోక తప్పలేదు.

తర్వాత ఆడపిల్లలంతా లేచారు. ఎరేసి లేవలేదు.

ఒక చెయ్యి నేలకు ఆనించింది. పక్కనున్న పిల్ల బుజం కోసం వెతికింది. పళ్ల మధ్యనుంచి గాలి పీల్చింది, వెంటనే ముఖానికి ఒక నవ్వు తగిలించుకుంది. ఆడవాళ్లంతా మర్యాదగా పనస చెట్టు వైపు చూశారు. తియోపిస్టా ఒక్కతే కళ్లు తిప్పుకోలేదు. ఆ గాలి పీల్చడమూ, ఆ నవ్వూ ఆవిడకు బాగా తెలుసు. తను పదకొండేళ్లు అలాగే నవ్వింది.

ఎరేసి వంటింట్లోకి వెళ్తే వెనకాలే వెళ్లింది.

"ఎన్నేళ్ల నుంచి?"

"ఏంటక్కా?"

"నా దగ్గర వద్దు."

ఎరేసి ఒక అరటాకు తీసి తుడవడం మొదలుపెట్టింది. "ఆరేళ్లు. రెండూ. సెబుంజాతో ఎలా చెప్పను? వద్దంటే బద్ధకమన్నాడు."

"మరి ఆ దిండు?"

"అది నాదే అక్కా. అది మోకాళ్ల కింద లేకపోతే నాకు కునుకు పట్టదు. నీకు నాకంటే ఎక్కువ నొప్పి కదా అని ఇచ్చేశాను." ఇంకో ఆకు అందుకుని, "నీకు తర్వాత అక్కర్లేకపోతే, తిరిగి ఇస్తావా?" అంది.

ఇన్ని వారాలుగా తను ఎవరి మెడ నొక్కిందో ఆ మనిషే ఎదురుగా నిలబడి దిండడుగుతోంది. తియోపిస్టా కోపానికి ఉన్న ఒక్క కుర్చీ ఎవరో లాగేసినట్టయింది. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు వంటింట్లో నిలబడింది, తర్వాత వాకిట్లోకి నడిచి, కుర్చీలు లెక్కపెట్టిస్తున్న సెబుంజా ముందు ఆగింది. చేతిలో కర్ర లేదు. ఆ సంగతి ఆవిడ కూడా తర్వాతే గమనించింది.

"సెంగా నేనే," అంది.

"అక్కా, ఆ మాట అయిపోయింది కదా."

"ఎడమ మోకాలి మీద కూర్చుంటాను."

"ఒక్క మోకాలా? అది సగం మర్యాద. వాళ్ల ముందు..."

"సెబుంజా." గొంతు పెంచలేదు. నకన్వాగి దగ్గర నేర్చుకున్నది అదొకటి. "నీ మర్యాద మొయ్యడానికి మీ అక్కచెల్లెళ్లకు నాలుగు మోకాళ్లున్నాయి. ఒకటి నువ్వే తీయించేశావు. ఎరేసివి రెండూ పోయాయి, అడుగు, చెబుతుంది. మిగిలింది ఇదొక్కటి. ఇది కావాలంటే తీసుకో. లేదంటే గోమెసి నీ కొలతలకు కుడతాను, నువ్వే మోకరిల్లు."

కుర్చీలు మోసే వాళ్లలో ఎవరో దగ్గారు. సెబుంజా వంటింటి వైపు చూశాడు. గుమ్మంలో ఎరేసి అరటాకు పట్టుకుని నిలబడి ఉంది, ఈసారి నవ్వు తగిలించుకోలేదు. అతను, "నాకెవరూ చెప్పలేదు," అన్నాడు.

"అడిగావా?"

ఆ అయిదు రోజుల్లో ఊదారంగు గోమెసి కుట్టుకుంది, కుచ్చిళ్లలో ఒక గజం ఎక్కువ పెట్టి. ఆ గుడ్డ లోపల ఏ మోకాలు నేల మీద ఉందో ఏది పైనుందో, ఆ మోకాళ్లిచ్చిన దేవుడికి కూడా తెలియదు. సగం మర్యాదకు పూర్తి గుడ్డ. వట్టి చేతులతో లేవడం మాత్రం వేడుక ముందు రోజు దాకా కుదరలేదు. ఆ ముందు రోజున పది సార్లలో రెండుసార్లు లేచింది.

వేడుక రోజున తెల్లటి పొడుగు అంగీలు, కంజూల మీద నల్ల కోట్లు తొడుక్కున్న మగవాళ్లతో పందిరి నిండిపోయింది. తియోపిస్టా ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. కుడి పాదం ముందుకు పెట్టి, గోమెసి సర్దుకుని, ఎడమ మోకాలు చాపకు ఆనించి కూర్చుంది. వెనక ఆడపిల్లలంతా మోకరిల్లారు. పలకరించింది.

పెళ్లికొడుకు వాళ్ల తరఫున మాట్లాడే మనిషి మాటకారి. పలకరింపును తీగలా సాగదీశాడు. ఇంట్లోవాళ్లు బాగున్నారా అన్నాడు. ఊ అంది. తోట బాగుందా? ఊ. మేకలు? ఊ. మేకల్ని కాసేవాళ్లు? కుడి తొడ మిషను సూదిలా ఆడటం మొదలుపెట్టింది. ఆవిడ ముఖం కదలలేదు. వర్షాలు? ఊ. మీ పక్కింటివాళ్లు? జనం నవ్వుతున్నారు. ఊ.

ఆఖరికి ప్రశ్నలు అయిపోయాయి. ఆడపిల్లలు లేచారు. తియోపిస్టా బరువు ముందుకు తెచ్చింది. ఒక జానెడు లేచింది, అక్కడే ఆగిపోయింది.

"సెంగాగారికి మా ముందు నుంచి లేవబుద్ధి కావడం లేదే," అన్నాడు మాటకారి. "మావాణ్ని చూడకముందే అంత నచ్చాడా?"

పందిరంతా నవ్వింది. పక్కనుంచి ప్రోస్కోవియా స్నేహితురాలెవరో చెయ్యి అందించబోయింది. ఆవిడ ఆ చేతిని ఒక చూపు చూసింది, చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది. మెత్తటి కుర్చీ గుర్తొచ్చింది. నల్ల చేవకర్ర గుర్తొచ్చింది. వంటింట్లో ఎరేసి అరటాకు తుడవడం గుర్తొచ్చింది. ఆరేళ్లు, రెండూ. ముందుకు వంగి, మడమను నేలకేసి నొక్కింది. ఈసారి దాని కింద ఎవరి మెడా లేదు, నేలే ఉంది.

లేచి నిలబడింది.

"లేచాను నాయనా," అంది, గోమెసి నడికట్టు సర్దుకుంటూ. "ఇక మీవాడు ఎక్కడ దాక్కుంటాడో చూసుకోమను."

మూడో వరసలో, ఇద్దరు లావుపాటి బాబాయిల మధ్య దొరికాడు. పువ్వు కాస్త లోతుగానే గుచ్చింది. పిల్లవాడు కిమ్మనలేదు. ఆ ఒక్క సంగతితో ఆవిడకు నచ్చాడు.

సోమవారం నకన్వాగి వచ్చి, చెప్పులు విడిచి మోకరిల్లబోతే, "లే లే, తోట బాగుంది, మేకలూ బాగున్నాయి. ఇవాళ్టి రోగి అదుగో," అంది తియోపిస్టా. కుర్చీలో ఎరేసి బిగుసుకుని కూర్చుని ఉంది. ఒళ్లో పసుప్పచ్చ పువ్వుల దిండు.

నకన్వాగి రెండు మోకాళ్లూ తడిమి చూసింది. వీటికి కోత సంగతి తర్వాత, ముందు తొడల్లో బలం రావాలి అంది. మంచం మీద పడుకోబెట్టి, మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, నొక్కమంది. తియోపిస్టా గట్టిగా లెక్కపెట్టింది. అయిదు దగ్గర నకన్వాగి చాలంటే, ఎనిమిది దాకా ఆపలేదు.

నాలుగోసారికి ఎరేసి తల తిప్పి అక్క వంక చూసింది. ఆ చూపులో చెల్లెలి ప్రేమ ఏమాత్రం లేదు. తియోపిస్టాకు చాలా తృప్తిగా అనిపించింది. ఎరేసికి మోకాళ్లు బాగుపడే ఆశ ఉంది.

"నా దిండు ఎక్కడ పెట్టావక్కా?" అంది ఎరేసి పళ్లు నూరుతూ.

తియోపిస్టా దాన్ని అప్పటికే మిషను ముందు స్టూలు మీద వేసుకుని కూర్చుంది. కూర్చోడానికి మెత్తగా బాగానే ఉంది. కుడి పాదం తొక్కుడు పలక మీద పెట్టి, "తొమ్మిది," అంది.